రఫూ చేసిన కిటికీ

ఆ వీధిలో ఆవిడని చిన్నా పెద్దా అందరూ రఫూ పిన్ని అనే అంటారు. పులంటే ఆవిడకి భయం లేదు, ఎన్నడూ చూసి ఎరగదు కాబట్టి. కాగితాలని మాత్రం చూసింది. ముద్ర పడ్డ కాగితం, అడుగున సంతకానికి చుక్కలు పెట్టిన కాగితం, 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా' అని మొదలయ్యే కాగితం, ఏది గుమ్మంలో పడ్డా ఆవిడ చెయ్యి ముందు గుండె మీదకి వెళ్తుంది, ఆ తర్వాతే కాగితం మీదకి. కరెంటు బిల్లుని కూడా రెండు వేళ్ళతో అంచు పట్టుకుని తీసుకెళ్ళి భర్త ఒళ్ళో పడేస్తుంది. ఆయన ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైనవాడు, దేనికీ తొందరపడడు. "బిల్లేనే, బాంబు కాదు," అంటాడు నెలనెలా, అదే మాట, అదే నవ్వు.

అలాంటి మనిషి చేతికి సూది ఇచ్చి చూడండి, వేరే మనిషి. ఇంట్లో వెనక గది ఆవిడది. ఉత్తరపు గోడకి ఒకే ఒక్క కిటికీ, దాని కింద బల్ల, బల్ల మీద వెంట్రుకంత సూదులు గుచ్చిన ఉన్నిగుడ్డ, అరిగి నున్నబడిన చెక్క గుండు ఒకటి. కోటుకి చిల్లు పడితే దాన్ని పూడ్చే దారం బజారులో దొరకదు. ఆ కోటు లోపలి మడతలోంచే పోగులు లాగాలి. చిల్లుని గుండు మీద పరిచి, ఒక్కొక్క పోగునీ పైకీ కిందికీ నేసుకుంటూ పోవాలి. అంగుళం మేర పూడ్చడానికి పూట పడుతుంది. అంతా అయ్యాక చిల్లు ఎక్కడుండేదో కోటుగలాయనకే తెలియకూడదు. బాగా కుదిరిన రఫూ కనబడదు. కాబట్టి తన పని పదిమందికీ చూపించుకుని మురిసే యోగం ఆవిడకి లేదు.

ఆ పనికి వేళ్ళెంత అవసరమో ఆ కిటికీ కూడా అంతే అవసరం. ఉత్తరపు వెలుతురు పొద్దుటినుంచి సాయంత్రం దాకా రంగు మార్చదు. ఒకసారి కిటికీ రెక్కలకి రంగు వేయించి రెండు రోజులు మూసిపెట్టారు. ఆ రెండు రోజులూ ట్యూబులైటు కింద కూర్చుని ఒక ప్లీడరుగారి నల్లకోటు రఫూ చేసింది. వారం తిరక్కుండా ఆయన వచ్చి మోచెయ్యి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు. నల్లకోటు మీద ముదురు నీలం మచ్చ. పక్కనే ఉన్న నీలంకోటు పోగులు దీనికి వేసింది. దీపం కింద రెండూ ఒకలాగే కనబడ్డాయి. ఆనాటినుంచి దీపం వెలిగాక సూది ముట్టదు.

ఈ విద్య నేర్పింది అత్తగారు. ఇరవయ్యో ఏట కొత్తకోడలిగా వచ్చిన పిల్లని కిటికీ ముందు కూర్చోబెట్టి, ఇనప్పెట్టె మేకుకి తగులుకుని చిరిగిన గంజిగుడ్డ ఒకటి చేతిలో పెట్టింది. "పనికిమాలినదేలే, దీని మీద చెయ్యి తిప్పుకో. తెగిన పోగుల్ని కత్తిరించకు, వెనక్కి మడిచి నేతలో కలుపు. ఇటు గీత ఎలా ఉంది, అటు గీత ఎలా ఉంది చూసుకుని మధ్యలో కలిపేయడమే," అంది. ఆ సాయంత్రం మామగారు భూతద్దం పెట్టి వెతికారట, చిరుగు దొరకలేదట. "ఈ పిల్లని పోలీసులు కూడా పట్టుకోలేరు!" అని పకపకా నవ్వారట. అత్తమామలు పోయి చాలా ఏళ్ళయినా ఆ మాట ఆ ఇంట్లో మిగిలే ఉంది. పిన్నికి జీవితంలో వచ్చిన మెడల్ అదొక్కటే.

పక్కింటివాడు తాళాల షాపు యజమాని, వీధివాళ్ళకి తాళాలాయన. ఉత్తరం వైపు ఆయన పాత రేకులషెడ్డు ఉండేది. ఒకరోజు షెడ్డు పోయి గేటుకి మునిసిపాలిటీ బోర్డు పడింది. పిన్ని ఆ బోర్డు పక్కనుంచి నాలుగు రోజులు తల వంచుకుని నడిచింది. చదవకపోతే అది లేనట్టే అని ఆవిడ లెక్క. అయిదోరోజు ఆడపడుచు వచ్చింది. భర్తకి అక్క, పిన్నికి వదిన. కోర్టు అరుగు మీద టైపు మిషను పెట్టుకుని జనానికి అర్జీలు కొట్టిపెడుతుంది. నోరూ మిషనూ ఒకే వేగంతో నడుస్తాయి.

"ఏమే మరదలా, పక్కన నాలుగంతస్తులు లేస్తున్నాయి, చూశావా?" అంది చెప్పులు విప్పకుండానే. "నీ కిటికీకి మూడడుగుల దూరంలో గోడ. మిట్టమధ్యాహ్నం కూడా నీకు అమావాస్యే."

"అలా ఎలా కడతారు వదినా? ఇక్కడ కిటికీ ఉంది కదా."

"అదే మరి. ఎదుటి గోడకి మంజూరైన కిటికీ ఉంటే పదడుగులు వదలాలి. కిటికీ లేని గోడైతే మూడు చాలు. నీ గోడకి కిటికీ లేదని రాసుకుని పర్మిషను ఇచ్చేశారు."

"లేకపోవడమేంటి? దాని ముందే కూర్చున్నాను కదా!"

"నువ్వు కూర్చుంటే చాలదే తల్లీ, అది కాగితంలో కూర్చోవాలి. అప్పీలు చేసుకోవడానికి ముప్ఫై రోజులిచ్చారు."

పిన్ని ఎవరి మీదా ఎన్నడూ పితూరీ చెప్పి ఎరగదు. పాలలో నీళ్ళు కలిసినా పాలవాడితో కాకుండా గిన్నెతో గొడవపడే మనిషి. కానీ గోడ లేచాక ఏమవుతుందో కూడా ఆవిడకి తెలుసు. యాభై ఏడేళ్ళ వయసులో వేరే పని నేర్చుకోలేదు. ఈ పని పోతే తను ఎవరో తనకే తెలియదు. మూడు వారాలు నలిగి నలిగి, ఇరవై ఎనిమిదోరోజున వదిన కొట్టిన అప్పీలు కింద సంతకం పెట్టింది. సంతకం పక్కకి ఒరిగింది.

మునిసిపాలిటీలో ప్లాన్ల ఇంజనీరు మర్యాదస్తుడే. కాగితం తీసుకుని నంబరు వేసి, విచారణ తేదీ చెప్పాడు. "మీ ఇంటి ప్లాను ఆఫీసులో లేదమ్మా. మీ ఇల్లు కట్టిన ఏటి ఫైళ్ళన్నీ పైకప్పు కారి తడిసిపోయాయి. మీ దగ్గరున్న కాపీ పట్టుకురండి. అందులో కిటికీ ఉంటే మీదే గెలుపు."

"లేకపోతేనండీ?"

"లేకపోతే అది పర్మిషను లేని కిటికీ. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, మేమూ చూడలేదు. ఇప్పుడు మీరే చూడమని రాసిచ్చారు." ఆయన కాస్త ఇబ్బందిగా పెన్ను మూత పెట్టాడు. "ఇటుకలతో మూయించక తప్పదు."

దారిపొడుగునా పిన్ని లెక్క వేసుకుంటూనే నడిచింది. పక్కవాడు మూడడుగుల దూరంలో మూస్తాడని వెళ్తే, వీళ్ళు అడుగు దూరం కూడా లేకుండా మూస్తామంటున్నారు. తన కిటికీ దాకా వాళ్ళకి తనే దారి చూపించి వచ్చింది.

ఇంటికొచ్చి ఇనప్పెట్టె తెరిచారు. మూత లోపల మేకు ఇంకా అలాగే పొడుచుకుని ఉంది. పాత రశీదుల కింద, గొట్టంలా చుట్టిన బిరుసు గుడ్డ దొరికింది. ఆ రోజుల్లో ఇళ్ళ ప్లానులు గంజి పట్టించిన పల్చటి గుడ్డ మీద గీసేవారు. ఓ మూల గుండ్రటి ముద్ర, పక్కన వంకర సంతకం. భర్త దాన్ని మంచం మీద పరిచి నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు. వంటగది ఉంది. వసారా ఉంది. ముందుగది కిటికీలు రెండూ ఉన్నాయి. కిటికీ ఉన్న ప్రతి చోటా గోడగీత ఆగి, రెండు చిన్న అడ్డగీతలు పడి, కింద 'కిటికీ' అని ముత్యాల్లాంటి అక్షరాలు. వెనకగది ఉత్తరపు గోడ మాత్రం ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే నల్లగీత.

"మా నాన్న దొంగకిటికీ పెట్టాడన్నమాట," అన్నాడు ఆయన నెమ్మదిగా. ఈసారి నవ్వలేదు.

పిన్ని వంగి, ఆ గీత మీద చూపుడువేలు పెట్టి జరిపింది. మధ్యకి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. కంటికి ఏమీ లేదు, కానీ తన చేతి పని తన వేలికి తెలియకుండా ఉంటుందా? అత్తగారు చేతిలో పెట్టిన గంజిగుడ్డ ఇదే. ఆనాడు దాని మీద ఏముందో ఆవిడకి తెలియదు, ప్లాను అంటేనే తెలియదు. మేకు లాగిన చోట నల్లటి పీచు చిక్కు పడి ఉంది. ఇటు చూసింది, నల్లచార. అటు చూసింది, నల్లచార. అంచులోంచి పోగులు లాగి, మధ్యవాటికి నల్లసిరా పట్టించి, చార ఎక్కడా తెగకుండా నేసి కలిపేసింది. ఇల్లు కట్టించినాయన పెట్టించుకున్న కిటికీని కొత్తకోడలు కుట్టి మూసేసింది. అది చూసి మామగారు మెడల్ కూడా ఇచ్చేశారు.

పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది, అడిగితే పన్ను నొప్పి అంటోంది. మూడోరోజు పన్నుల డాక్టరు దగ్గరకి పదమని భర్త చొక్కా వేసుకున్నాక తప్పక నోరు విప్పింది. ఆయన చొక్కా గుండీలు మళ్ళీ విప్పేసి కుర్చీలో కూలబడ్డాడు. వదినని పిలిపించారు.

దేనికీ బెదరని వదిన, కథంతా విని, వీధితలుపు గడియ పెట్టి వచ్చింది. అది చూసి పిన్నికి సగం ప్రాణం పోయింది.

"బయట ఎవరితోనూ అనకు," అంది వదిన గొంతు తగ్గించి. "ముద్రున్న ప్లాను మీద గీత మార్చడమంటే ఏంటో తెలుసా? నేను రోజూ కొట్టే కేసులు అవే."

"నేను గీయలేదు వదినా, కుట్టాను."

"జైల్లో ఆ తేడా ఎవరూ అడగరే."

"వెనక్కి తీసేసుకుందాం అక్కా," అన్నాడు భర్త. "అప్పీలు లేకపోతే ప్లానూ అడగరు, మన కిటికీ జోలికీ రారు."

"రారు. గోడ మాత్రం వస్తుంది," అంది వదిన. ముగ్గురూ ఆ వెనకగది వైపు చూశారు. బల్ల మీద ఎవరిదో సగం పూడ్చిన శాలువా పడి ఉంది.

మర్నాడు తాళాలాయన స్వయంగా వచ్చాడు. అరిచి ఉంటే పిన్ని ఏడ్చి ఊరుకునేది. ఆయన అరవలేదు. చేతులు కట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. "పిన్నిగారూ, మీతో నాకు తగువేంటి చెప్పండి. పదడుగులు వదిలితే పై అంతస్తులో మా అమ్మాయికి గది మిగలదు. వెనకగదికి మంచి లైట్లు నాలుగు నేనే పెట్టిస్తాను. అప్పీలు తీసేసుకుంటే ఆ ఇంజనీరు కూడా మీ ఇంటికి రాడు." ఆయన మంచిగానే అన్నాడు. కానీ ఆ చివరిమాట మాత్రం పిన్ని గుండెల్లో ములుకులా దిగబడి ఉండిపోయింది. తలూపిందో లేదో ఆవిడకే తెలియదు. తలుపు మాత్రం మూసుకుంది.

విచారణ రోజు వచ్చేదాకా ఆవిడ వెనకగదిలోనే గడిపింది. పనేమీ చేయలేదు. పొద్దున్నే కిటికీ తెరిచి, సాయంత్రం మూస్తూ, ఆ వెలుతురుని చూస్తూ కూర్చుంది. తీసేసుకుంటానని ఒక గంట, తీసుకోనని ఒక గంట. ఇంకో దిగులు కూడా పట్టుకుంది. తెగిన పోగుల్ని కత్తిరించొద్దని అత్తగారు చెప్పారు, నిజమే. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళందరికీ చెయ్యి ఆగదు. అడ్డమొచ్చిన పీచుని కసుక్కున కత్తిరించేస్తారు. ఆ తొలినాళ్ళలో అందుకు తనూ అత్తగారి చేత ఎన్నిసార్లు చీవాట్లు తిందో! ఆ గుడ్డ విషయంలో మడిచిందా, కత్తిరించిందా? మడిచి ఉంటే ఆ రఫూ కింద మామగారి కిటికీ ఇంకా పడుకుని ఉంది. కత్తిరించి ఉంటే ముప్ఫై ఏడేళ్ళ కిందటే చెత్తలో పోయింది. ఎంత తవ్వుకున్నా ఒక్క ముక్క గుర్తు రాలేదు.

విచారణ గదిలో పొడుగు బల్ల, మధ్యలో నీళ్ళ జగ్గు, ఒక పక్క పెద్ద కిటికీ. అప్పీళ్ళు వినేది ఒక ఆడ ఆఫీసరు. కళ్ళజోడు తల మీదకి తోసుకుని, అవసరమైనప్పుడు దాన్నే బల్ల మీద వెతుక్కుంటోంది. ఇంకో రోజైతే పిన్నికి నవ్వు వచ్చేది. నంబరు పిలిచారు. పిన్నిని ఒక పక్క భర్త, ఒక పక్క వదిన పట్టుకుని నిలబెట్టారు. ఎదుటి కుర్చీలో తాళాలాయన తాళంచెవుల గుత్తిని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు, చప్పుడు కాకుండా.

ఇంజనీరు ప్లానుని బల్ల మీద పరిచాడు. "మేడమ్, ఇది వాళ్ళు తెచ్చిందే. ఉత్తరపు గోడ మొత్తం గీత. కిటికీ లేదు."

"మీరేమంటారమ్మా?"

ఇంట్లో వదిన నేర్పించిన మాట ఒకటుంది: 'నేను చదువుకున్నదాన్ని కాదండి, దయచూడండి.' అది చాలంది. కేసు పోతుంది కానీ మనిషి మిగులుతుంది అంది. పిన్ని ఆ మాట కోసం నోరు తెరిచింది. వచ్చింది వేరే మాట.

"కిటికీ ఉందండి. నేనే మూశాను."

వదిన కళ్ళు మూసుకుంది. పిన్ని చెప్పుకుపోయింది. మేకు, అత్తగారు, ఇటు చార, అటు చార, భూతద్దం. ఒక్కో మాటా రెండుసార్లు వస్తోంది. ఆఫీసరు కళ్ళజోడు దించుకుని గుడ్డ మీదకి వంగింది. వేలితో తడిమింది. వెనక్కి తిప్పి చూసింది. ఇంజనీరు భూతద్దం తెచ్చి అంగుళం అంగుళం వెతికాడు.

"ఇక్కడ రఫూ లేదు మేడమ్, ఏమీ లేదు. గుడ్డ సాఫుగా ఉంది. కథ బాగుంది కానీ."

తన పని గురించి అంత మంచి మాట ఆవిడ మళ్ళీ ఇన్నేళ్ళకి విన్నది. విని ఒళ్ళంతా చెమట పట్టింది. తను పని బాగా చేసింది కాబట్టి తనని ఎవరూ నమ్మడం లేదు.

"విప్పి చూపిస్తానండి," అంది.

ఆఫీసరు వెంటనే ఒప్పుకోలేదు. "ఇది ముద్ర ఉన్న పత్రం. మీరు విప్పాక లోపల ఏమీ లేకపోతే, మా కళ్ళముందే దాన్ని పాడుచేసినట్టు. అప్పుడు మీ అప్పీలు పోవడమే కాదు, మీ మీద కేసు పెట్టమని నేనే రాయాలి. తెలిసే అడుగుతున్నారా?"

భర్త ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "వద్దే," అన్నాడు, ఆవిడకి మాత్రమే వినబడేలా. "పోనీ కిటికీ."

పిన్ని ఆయన వైపు చూసింది. పోనిస్తే రేపు పొద్దున్న లేచి ఏ గదిలోకి వెళ్ళాలో ఆవిడకి తోచలేదు. భయం తగ్గలేదు. తగ్గుతుందని ఇంక ఎదురుచూడలేదు, అంతే. "తెలిసేనండి," అని, రవిక అంచున గుచ్చుకున్న సూది తీసింది. "ఆ కిటికీ దగ్గరకి వెళ్ళొచ్చా? ఇక్కడ వెలుతురు చాలదు."

ప్లానుని కిటికీ గట్టు మీద పరిచారు. చుట్టూ అందరూ మూగారు. ఆవిడ గుడ్డని తిరగేసి, సూది మొన ఆనించింది. అప్పటిదాకా ఆకులా ఊగుతున్న చెయ్యి నిలిచిపోయింది. రఫూలో ముడి ఉండదు, మొదలెక్కడో నేసిన చెయ్యికే తెలియాలి. మొదటి పోగు దొరికింది. లాగింది. రెండోది. మూడోది. గంజికి బిగుసుకుపోయిన పోగులు చిటుక్కుమంటూ వస్తున్నాయి. పది లాగింది, పదిహేను లాగింది. నల్లగీత మధ్యలో చిన్న సందు పడింది. సందులో ఏమీ లేదు. అటు ఉన్న వెలుతురు తప్ప ఏమీ లేదు.

"ఊఁ," అన్నాడు ఇంజనీరు. తాళంచెవులు ఒక్కసారి గలగలమన్నాయి.

కత్తిరించేశానన్నమాట, అనుకుంది పిన్ని. అయినా చెయ్యి ఆగలేదు, సగంలో ఆపడం చేతికి అలవాటు లేదు. ఇంకో పోగు కింద సూది దూర్చి ఎత్తింది. అడుగున ఏదో పీచు, ముడుచుకుని, గుడ్డ వెనక్కి అంటుకుని ఉంది. సూది మొనతో మెల్లగా లేపి ముందుకి తిప్పింది. దాని కొస నల్లగా ఉంది.

తర్వాత ఇంకొకటి. తర్వాత ఒక కుచ్చు. ఇరవయ్యేళ్ళ పిల్ల అత్తగారి మాట విన్నది. ఆనాడు ఒక్క పోగు కూడా కత్తిరించలేదు, అన్నిటినీ వెనక్కి మడిచి దాచింది. పిన్ని వాటిని ఒక్కొక్కటిగా దువ్వి, ఎటువైపువి అటు పరిచింది. అటుకొసలూ ఇటుకొసలూ దగ్గరపడేకొద్దీ నల్లచుక్కలు వరసలో చేరాయి. గోడగీత ఆగింది. చిన్న అడ్డగీత ఒకటి. కాస్త ఎడంగా ఇంకొకటి. కింద ఒక 'కి', దాని పక్కన సగం 'టి'. మిగతా సగం మేకు తినేసింది.

భర్త ముక్కు చీదాడు.

"ఇప్పుడు ఆవిడే గీసుండొచ్చు కదా," అన్నాడు తాళాలాయన, అంత నమ్మకం లేకుండానే.

ఆఫీసరు ఒక పోగుని భూతద్దం కింద పెట్టుకుని చాలాసేపు చూసింది. "మన ముందే కదండీ విప్పింది, ఆవిడ చేతిలో సూది తప్ప ఏముంది? సిరా పోగు లోపలిదాకా పాకి ఉంది. అక్షరం కూడా ముందుగది కిటికీ కింద ఉన్న అక్షరమే." గుమాస్తా వైపు తిరిగింది. "రాసుకోండి." మళ్ళీ పిన్ని వైపు. "మళ్ళీ కలపగలరా దీన్ని, ముందులాగే?"

"కలపగలనండి."

"కలపకండి," అంది ఆఫీసరు.

సూదిని రవిక అంచున గుచ్చుకోబోతే మూడుసార్లు తప్పింది. తీర్పు రాతపూర్వకంగా వస్తుందన్నారు. ఆ వచ్చేదాకా భయం ఇంట్లోనే కాపురం పెట్టింది. సైకిలు గంట మోగితే పిన్ని లోపలికి వెళ్ళి నిలబడేది. ముద్రున్న ప్లాను మీద చెయ్యి వేశానని తన నోటితోనే చెప్పుకుంది, దాన్ని ఎవరూ మర్చిపోరు కదా.

పంతొమ్మిదో రోజున కవరు వచ్చింది. భర్త కూరలకి వెళ్ళాడు. ఆయన వచ్చేదాకా ఆగుదామని బల్ల మీద పెట్టి, దాని ఎదురుగా కూర్చుంది. కాసేపటికి కుట్లు విప్పే చిన్న కత్తెర తీసుకుని, కవరు అంచు తనే విప్పింది. ముప్ఫై ఏడేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ తెరిచిన మొదటి కాగితం అది. కిటికీ వెలుతురులో పెట్టుకుని కూడబలుక్కుంది. 'పై ఇంటి ఉత్తరపు గోడకు మంజూరైన కిటికీ కలదని తేలినందున' అన్న చోట ఆగి, 'కిటికీ' అన్న మాట మీద వేలు పెట్టి, అక్కడే ఉండిపోయింది. పక్కవాళ్ళు పదడుగులు వదలాలి. కిందుగా తనకీ ఒక పేరా ఉంది. మంజూరు పత్రంలో జోక్యం చేసుకున్నందుకు గట్టిగా హెచ్చరించడమైనది. ప్లాను వాపసు ఇవ్వడమైనది. దానిలోని చిరుగును ఇకమీదట బాగుచేయరాదు.

భర్త వచ్చి చదివి, సంచీ కిందపెట్టి, నాలుగు నెలల తర్వాత నవ్వాడు. "రఫూ పిన్ని ఇంట్లో సర్కారు కాపలా పెట్టిన చిరుగు!" ఆ తర్వాత సుత్తి తెచ్చి ఇనప్పెట్టె మూతలోని మేకుని లోపలికంటా దిగ్గొట్టాడు. ఇన్నేళ్ళూ ఆ పని ఎవరికీ తోచకపోవడం ఆయనకే సిగ్గనిపించినట్టుంది, కొట్టాల్సినదానికంటే నాలుగు దెబ్బలు ఎక్కువే కొట్టాడు.

పక్కన గోడ లేచింది, పదడుగుల అవతల. వెలుతురు కొంచెం తగ్గింది కానీ రంగు మారలేదు. మొదటి అంతస్తు కప్పు పడిన వారానికి తాళాలాయన గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పొట్లం చూడగానే అది ఇంకో కాగితమేమోనని పిన్ని గుండె ఝల్లుమంది. ఆయన పొట్లం విప్పాడు. ఆకుల అంచు నేసిన పాత ఊలు శాలువా.

"మా అమ్మదండీ. షెడ్డు ఖాళీ చేస్తున్నప్పుడు చిరిగింది." ఇటూ అటూ చూశాడు. "మా పిల్లకి గది లేకుండా పోయిందని కోపం ఉందండి, లేదనను. కానీ దీన్ని ఇంకెవరికి ఇవ్వను?"

పిన్ని శాలువా అందుకుంది. కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి గుండు మీద పరిచింది. అరచేయంత చిరుగు. ఇటు ఒక ఆకు, అటు ఒక ఆకు. మధ్యలో కూడా ఆకే ఉండాలి, చూసేవాళ్ళెవరైనా ఆ మాటే అంటారు. లోపలి మడతలోంచి పోగు లాగడానికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. సగంలో ఆగింది.

"ఇక్కడ ముందు ఏముండేదండీ?"

"ఏముంటుంది? ఆకులే అయ్యుంటాయి."

"అయ్యుంటాయి అంటే కాదండి."

ఆయన బుర్ర గోక్కున్నాడు. "గుర్తులేదు పిన్నిగారూ. అమ్మని అడగాలి."

పిన్ని శాలువాని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతిలోనే పెట్టింది. "అడిగి రండి," అంది. "అప్పుడు మొదలుపెడతాను."